కొత్త పనిముట్టు ఊరిలో ఎట్లు నిలుచును?

నరసన్నపేట పరిసర గ్రామములలో పర్యటించునపుడు ఒక పంచాయతీ గిడ్డంగిలో మాకొక డ్రమ్ సీడరు కనబడినది. దమ్ము చేసిన మడిలో మొలకెత్తిన వరి విత్తనమును వరుసలుగా జారవిడుచు సాధనమది. దానిని మనిషి చేతితో లాగవచ్చును. నారుమడి అక్కరలేదు, ఊడ్పుల కూలి అక్కరలేదు, విత్తనము తక్కువ పట్టును. ఇన్ని సుగుణములు గల ఆ సాధనము, ఇరుసు తుప్పుపట్టి, డ్రమ్ములలో ఎలుకలు కాపురముండగా మూలనపడియున్నది. ఎన్ని పంటలకు వాడినారని అడుగగా, ఒక్క పంటకేనని సభ్యులు చెప్పిరి.

అచ్చటనే నిలుచుండిన ఒక వృద్ధ రైతు మాతో ఇట్లనెను: "అది సెడ్డది కాదు బాబూ. మడి అద్దం నాగ సదునుగుండాల, నీరు మన సేతిలో ఉండాల. మాకు రెండూ నేవు. ఇత్తిన మర్నాడే వానొచ్చింది, గింజలన్నీ ఓ మూలకి కొట్టుకుపోనాయి."

సాధనమును పంపినవారి నివేదికలో మాత్రము "రైతులలో తగిన అవగాహన లేనందున వాడకము తగ్గినది" అని యున్నదట. అట్టి వాక్యములను మా ఉద్యోగకాలములో మేమును పెక్కు వ్రాసియున్నాము. కావున ఒరులను తప్పుపట్టుటకు ఈ సంగతి చెప్పుటలేదు. ఒకే సాధనము మూలనపడుటకు రెండు కారణములు వినబడినవి. ఒకటి రైతు బుద్ధిలో ఉన్నదని నివేదిక, రెండవది మడిలోను కాలువలోను ఉన్నదని రైతు. ఏ కారణమును నమ్మినచో ఆ ప్రకారమే పంచాయతీ తదుపరి రూకను ఖర్చుపెట్టును. మొదటిదానిని నమ్మినవారు మరొక ప్రచారసభ పెట్టుదురు. రెండవదానిని నమ్మినవారు మడి చదును చేయుటకు, మదుము బాగుచేయుటకు పూనుకొందురు.

ఈ ప్రశ్నను గూర్చి లోకమున పండితులు నూరేండ్లకు పైగా ఆలోచించుచున్నారు. వారి సిద్ధాంతములు నాలుగు తెరగులుగా ఉన్నవి. అవి పట్టణపు కళాశాలలకే పరిమితమైన విద్య యని పంచాయతీ సభ్యులు భావింపనక్కరలేదు. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. వానిలో మొట్టమొదటిది వ్యవసాయము, వ్యవసాయ విస్తరణ.

ఇరుగుపొరుగుల సిద్ధాంతము

మొదటి సిద్ధాంతము ఒకరిని చూచి ఒకరు నేర్చుటను గూర్చినది. అనుకరణమే సంఘమును నడిపించునని ఫ్రాన్సు దేశీయుడైన గాబ్రియేల్ టార్డ్ 1890లోనే వ్రాసెను. దానికి పొలములో రుజువు దొరకినది అమెరికాలో. అయోవా రాష్ట్రమున రెండు గ్రామసీమలలో 259 మంది రైతులను బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అను ఇరువురు ప్రశ్నించి, సంకర మొక్కజొన్న విత్తనము ఎట్లు వ్యాపించినదో 1943లో ప్రకటించిరి. 1928 మొదలు 1941 వరకు గల కాలములో ఇద్దరు తప్ప తక్కినవారందరును ఆ విత్తనమునకు మారిరి. ఆ వార్తను మొదట చెవిని వేసినది విత్తనములమ్మువాడు. విత్తుటకు మనసు కుదిర్చినది మాత్రము పొరుగు రైతు.

ఈ పరిశోధనలనన్నిటిని కూర్చి ఎవరెట్ రోజర్స్ 1962లో ఒక గ్రంథము వెలువరించెను. కొత్తదానిని స్వీకరించువారిని ఆయన ఐదు వర్గములుగా విభజించెను. నూటికి రెండున్నర మంది సాహసించి ముందు దిగువారు. తరువాత పదమూడున్నర మంది ఊరిలో మాట చెల్లువారు. పిమ్మట ముప్పదినలుగురు చొప్పున రెండు పెద్ద వర్గములు. చివరి పదునారు మంది వెనుకబడువారు. ఒక కొత్తదానిని ఊరు స్వీకరించునా లేదా యనుటకు ఐదు గుణములను కూడ చెప్పెను. పాతదానికంటె మేలుగా నుండవలెను, ఊరి అలవాటునకు పొసగవలెను, చిక్కులేకుండవలెను, కొద్దిగా వేసి చూచుటకు వీలుండవలెను, ఫలితము నలుగురి కంటికి కనబడవలెను.

మన దేశములో 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైనప్పటినుండి గ్రామసేవకులు చేసినపని, ప్రదర్శన క్షేత్రములు, రైతు దినోత్సవములు, 'ముందు ఒక మంచి రైతును పట్టవలెను' అను పద్ధతి, ఇవన్నియు ఈ తోవలోనివే. ఇది వట్టి నమ్మకము కాదు. 1968-71 నాటి మన దేశపు గ్రామీణ కుటుంబముల లెక్కలను ఆండ్రూ ఫాస్టర్, మార్క్ రోజెన్‌జ్వైగ్ అను ఆర్థికవేత్తలు పరిశీలించి, అధిక దిగుబడి వంగడముల సాగులో రైతు తన అనుభవము నుండియు, పొరుగువాని అనుభవము నుండియు నేర్చుచున్నాడని 1995లో చూపిరి. అందొక చమత్కారమున్నది. పొరుగువాడు వేసి చూడనిమ్ము, తరువాత చూతమని ప్రతివాడును కొంత ఆగునట. మన రచ్చబండలకు ఇది కొత్త సంగతి కాదు.

అయితే ఈ సిద్ధాంతములో ఒక ముల్లు కలదు. కొత్తది వచ్చినదన్న అది మంచిదేయని, తీసికొనినవాడు వివేకియని, తీసికొననివాడు వెనుకబడినవాడని ముందుగానే నిశ్చయించుకొనును. ఈ లోపమును రోజర్స్ తానే తన గ్రంథపు తరువాతి ముద్రణలలో అంగీకరించెను. ఆ పదునారు మందిలో చేరువారెవరు? అరయెకరము పల్లపు మడిని కౌలుకు చేయువాడు, ఒక పంట పోయినచో అప్పు తీర్చలేనివాడు. వాడు ఆగుట మూఢత కాదు, లెక్క. ఆ వృద్ధ రైతు డ్రమ్ సీడరును కాదనినది ఆ లెక్క చూచుకొనియే.

లాభము, కొరత

రెండవ తెరగువారు ఆర్థికవేత్తలు. అదే మొక్కజొన్న విత్తనమును తీసికొని జ్వీ గ్రిలికస్ అను ఆయన 1957లో వేరొక ప్రశ్న వేసెను. అయోవాలో పదింట ఒకవంతు భూమినుండి పదింట తొమ్మిది వంతులకు ఆ విత్తనము ప్రాకుటకు సుమారు నాలుగేండ్లే పట్టగా, దక్షిణ రాష్ట్రములలో ఏల ఆలసించెను? అచ్చటి రైతులు మందమతులా? కాదని ఆయన తేల్చెను. దక్షిణపు నేలలకు తగిన విత్తనమును తయారుచేయుటకే సంస్థలు ఆలసించినవి. అచ్చట అమ్మకము తక్కువ గనుక వాటికి తొందర లేకపోయెను. విత్తనము వచ్చిన తరువాత ఎకరమునకు ఎంత లాభము మిగులునో అంత వేగముగా రైతులు దానిని పట్టుకొనిరి. ఆలస్యమునకు మూలము రైతు ఇంటిలో కాదు, విత్తనము పుట్టుచోట నున్నదన్నమాట. ఈ రెండు వర్గముల నడుమ 1960 ప్రాంతమున పత్రికలలో గట్టి వాదమే నడచినది.

ఈ త్రోవలోనే మరికొంత ముందుకు పోయి, యుజిరో హయామి, వెర్నన్ రుట్టన్ అనువారు 1971లో ఇట్లు ప్రతిపాదించిరి: ఏ దేశమున ఏది కొరతయో దానిని ఆదాచేయు సాధనమే అచ్చట పుట్టును. జపానులో భూమి కొరత గనుక విత్తనము, ఎరువు పెరిగినవి. అమెరికాలో మనిషి కొరత గనుక యంత్రములు పెరిగినవి. కొరత మారినచో సాధనమును మారునను ఈ భావమునకు బీజము హిక్స్ అను ఆంగ్లేయ ఆర్థికవేత్త 1932లో వేసెను.

మన జిల్లాకు ఇది చక్కగా అతుకును. శ్రీకాకుళము జిల్లానుండి పురుషులు విశాఖపట్టణమునకు, హైదరాబాదుకు, చెన్నైకి పనులకు పోవుచున్నారు. తీరగ్రామముల మత్స్యకారులు గుజరాతులోని వెరావలు వరకు పోవుచున్నారు. కోతలకు మనుషులు దొరకనందున కోతయంత్రములు వచ్చినవి. వానిని తెచ్చుటకు ఎవరును ప్రచారము చేయలేదు, ఏ సభయు పెట్టలేదు. ఒక్క ప్రదర్శనయైనను లేకుండ వచ్చినది కోతయంత్రము. పది ప్రదర్శనలతో కూడ నిలువనిది డ్రమ్ సీడరు. ఈ భేదమును మొదటి సిద్ధాంతముకంటె రెండవదే బాగుగా వివరించుచున్నది.

కాని 'కూలి కొరత' యను మాటను కొంచెము నిలిపి చూడవలెను. ఊరినుండి పోయినవారు పెక్కుమంది మగవారు. ఊడ్పులు చేయువారు ఆడవారు. వారిలో అనేకులు ఊరిలోనే యున్నారు. ఊడ్పు లేకుండ చేయు సాధనము భూస్వామికి ఖర్చు తగ్గింపు. ఆ స్త్రీలకు ఆషాఢ శ్రావణముల కూలి పోవుట. గ్రామసభలో భూమిగలవారు మాత్రమే మాటలాడినచో కొరత యనునది ఒక వైపునుండియే కనబడును.

ఎవరికి మేలైనది?

మూడవ తెరగువారు ఈ చోటనే పట్టుకొందురు. 'మేలైన సాధనము' అనగా ఎవరికి మేలైనదని వారు అడుగుదురు. ట్రెవర్ పించ్, వీబె బైకర్ అను ఇరువురు 1984లో సైకిలు చరిత్రను దృష్టాంతముగా చూపిరి. తొలినాటి సైకిలునకు ముందు చక్రము మనిషి ఎత్తుండెడిది. దుడుకు యువకులకు అది పౌరుషపు వాహనము. స్త్రీలకు, పెద్దవారికి అది మెడ విరుచు యంత్రము. గాలి టైరును మొదట కుదుపు తగ్గించుటకని తెచ్చిరి. పందెములలో దాని వేగము చూచిన పిదప అందరును ఒప్పుకొనిరి. ఇప్పుడు మనమెరిగిన సైకిలు రూపము ఒక మేధావి ఒక్కసారిగా కనిపెట్టినది కాదు. పలువర్గముల పేచీలు తీరి తీరి స్థిరపడినది.

ఈ సిద్ధాంతమునకు మన జిల్లాలోనే పొందూరు సాక్షి. అచ్చట కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నముపై నూరవ నంబరు వరకు సన్ననూలు వడకుదురు. స్వాతంత్ర్యానంతరము పలు కదుళ్ల అంబరు చరఖా వచ్చినది. తమిళదేశీయుడైన ఏకాంబరనాథుడు రూపొందించినందున దానికా పేరు వచ్చినది. రెండవ పంచవర్ష ప్రణాళికా కాలమున (1956-61) దేశమంతట దానిని విస్తరింపజేసిరి. గంటకు ఎంత నూలు వచ్చునను కొలతలో అది రాట్నముకంటె ఎంతయో మేలు. ఐనను పొందూరు సన్ననూలునకు ఒంటి కదురు రాట్నమే నిలిచినది. పొట్టి పోగుగల ఆ పత్తికి, ఆ నునుపునకు, ఆ ఖద్దరు కొనువారి కంటికి గంటకు వచ్చు నూలు కొలబద్ద కాదు. ఇచట పాతదే నిలిచినది గనుక ఆ స్త్రీలు వెనుకబడినవారని ఎవరనగలరు? వారికి దక్కు కూలి ఆ పనితనమునకు తగినది కాదని మాత్రము మేము చెప్పక తప్పదు. నేర్పును కొనియాడువారు వడుకు ధరను మరచిపోవుట మన దేశమున పాత అలవాటు.

చేతిపంపు సంగతి ఇంకను దగ్గరిది. మంచినీటి బోరింగులు మొదట వచ్చినపుడు పోత ఇనుపవి. ఒక కుటుంబము వాడుకొనుటకు తగినవానిని ఊరంతటికి పెట్టుటచే అవి తరచు చెడిపోయెడివి. షోలాపూరు పంపు ఆధారముగా 1970 దశకములో ఇండియా మార్క్ రెండవ రకమును రూపొందించిరి. 1979లో దానికి భారతీయ ప్రమాణము ఏర్పడినది. అది గట్టిది. కాని లోపలి తోలువాషరు మార్చవలెనన్న గొట్టములన్నియు పైకి లాగవలెను. దానికి పనిముట్లతో, మనుషులతో పట్టణమునుండి బండి రావలెను. తరువాత వచ్చిన మార్క్ మూడవ రకములో గొట్టములను కదల్చకుండనే లోపలి భాగమును పైకి తీయవచ్చును. నీరు తోడుటలో రెండింటికి పెద్ద భేదము లేదు. మరమ్మతు ఎవరి చేతిలో నుండవలెననుటలోనే భేదమున్నది. పంపు కొనునపుడు నీటిని గూర్చి అడుగుదుము, వాషరును గూర్చి అడుగము!

రైతే ముందు అను ఒక శాఖయు ఈ తెరగులోనిదే. రాబర్ట్ ఛాంబర్సు మొదలగువారు 1989లో కూర్చిన గ్రంథములో, కొత్తది పరిశోధనశాలలో పుట్టి ఊరికి దిగివచ్చుననుట సగము నిజమేయని, రైతు తానుగా ఎంచి, మార్చి, వ్యాపింపజేయుట మిగిలిన సగమని వాదించిరి. దానికి ఉదాహరణ మన రాష్ట్రమునుండియే ఉన్నది. దానిని క్రింద చెప్పెదము.

నాలుగవ తెరగును సంక్షేపముగా చెప్పిన చాలును. ఒకసారి ఒక దారి పడినచో అంతకంటె మేలైన దారి కనబడినను లోకము మరలదని పాల్ డేవిడ్ 1985లో, బ్రయన్ ఆర్థర్ 1989లో చూపిరి. ఆంగ్లపు టైపు యంత్రముపై అక్షరముల వరుస తొలినాటి యంత్రముల అవసరములనుబట్టి ఏర్పడినది. ఆ యంత్రములు పోయినను అందరి వ్రేళ్లు అలవాటుపడినందున ఆ వరుస పోలేదు. ఊరిలో దీనికి ఉపమానము కాలిబాట. చేనికి అడ్డముగా పడిన బాటను ఎవరును మార్చరు.

స్వర్ణ కథ

ఇప్పుడీ నాలుగింటిని ఒక్క పంటపై పెట్టి చూతము. గొట్టా ఆనకట్ట ఎడమ కాలువ క్రింద నరసన్నపేట సీమలో స్వర్ణ వరి నెరుగని రైతు ఉండడు. దాని సంఖ్య ఎం.టి.యు. 7029. పశ్చిమ గోదావరి జిల్లాలోని మారుటేరు పరిశోధనా స్థానమునుండి 1982లో వెలువడినది. వశిష్ఠ, మషూరి అను రెండు వంగడముల సంకరము.

ఆ మషూరి కథయే మేము చెప్పెదమన్నది. అది మలయా దేశమునుండి వచ్చిన వంగడము. ఆంధ్రప్రదేశ్‌లో 1967-68 ప్రాంతమున దానిని పరీక్షించి, పైరు పడిపోవు గుణముండుటచే విస్తరణకు తగదని ప్రక్కన బెట్టిరి. ఒక వ్యవసాయ కూలీ ద్వారా ఆ గింజ పొలము వెలుపలికి పోయి, రైతునుండి రైతుకు చేతులు మారి, రాష్ట్రములు దాటినదని మౌర్య అను శాస్త్రవేత్త ఆ 1989 నాటి గ్రంథములో వ్రాసెను. కొన్ని సంవత్సరములలోనే అది దేశమున అధికముగా సాగగు వంగడములలో నొకటియైనది. దానిని వ్యాపింపజేసినది ఏ శాఖయు కాదు. మాట చెల్లు పెద్ద రైతును ముందు పట్టవలెనను సూత్రమునకు ఇది పూర్తిగా విరుద్ధము. ఇచట ముందు నడచినవాడు కూలీ.

స్వర్ణ ఆ మషూరి బిడ్డ. కోస్తాలోనే కాక ఒడిశా, పశ్చిమ బెంగాలు, బీహారు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములలో విస్తారముగా అల్లుకొనినది. మిల్లువానికి దాని గింజ తెలియును, వ్యాపారికి ధర తెలియును, ఇల్లాలికి వండుట తెలియును. నాలుగవ సిద్ధాంతము చెప్పిన కాలిబాట ఇదే. స్వర్ణకు ఉన్న లోపము ముంపు. నాటిన కొన్నిదినములకు మడి మునిగి వారము దాటినచో పైరు కుళ్లును.

ముంపునకు తాళు వరి లేకపోలేదు. ఒడిశా దేశవాళీ వరినుండి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్. 13ఎ అనునది రెండు వారములు నీట మునిగినను బ్రతుకునని శాస్త్రజ్ఞులు చాలకాలముగా ఎరుగుదురు. దాని దిగుబడి తక్కువ, గింజ మోటు. దానితో సంకరము చేసిన తొలి వంగడములును రైతులకు నచ్చలేదు. 1996లో ఆ గుణమును కలిగించు జన్యువు ఉన్న స్థానమును గుర్తించిరి; 2006లో జన్యువునే పట్టుకొనిరి. నీట మునిగినపుడు సాధారణ వరి ఊపిరికై పైకి సాగి తన బలమంతయు ఖర్చు చేసికొని చచ్చును. ఈ జన్యువున్న వరి ఎదుగుదలను ఆపుకొని, దాచిన బలముతో నీరు తీసిన పిమ్మట చిగిర్చును. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు ఆ ఒక్క గుణమును మాత్రమే స్వర్ణలో చేర్చి, తక్కినదంతయు స్వర్ణగానే ఉంచిరి. ఆ స్వర్ణ-సబ్1 వంగడము 2009లో మన దేశమున విడుదలైనది.

ఇది ఏల నిలిచినది? రోజర్స్‌ను అడిగినచో అలవాటునకు పొసగినదనును. గ్రిలికస్‌ను అడిగినచో ముంపు లేని ఏట నష్టము లేదు, ముంపు వచ్చిన ఏట లాభము పెద్దది యనును. పాల్ డేవిడ్‌ను అడిగినచో పాత బాటను మార్పక ఆ బాటమీదనే నడచినదనును. మాకు ఈ మూడవ సమాధానము ఎక్కువ నచ్చినది; ఎఫ్.ఆర్. 13ఎ వట్టిగా వచ్చినపుడు నిలువని గుణము స్వర్ణ కడుపున పడి వచ్చినపుడు నిలిచినది గదా.

ఒడిశాలోని భద్రక్ జిల్లాలో జరిపిన పరీక్షా ఫలితములు 2013లో వెలువడినవి. ముంపునకు లోనగు పల్లపు మడులు ఎక్కువగా షెడ్యూల్డు కులములవారి చేతనున్నవి గనుక ఈ వంగడము వలన వారికి ఎక్కువ మేలు కలుగునని అందు తేలినది. మన వంశధార పరీవాహపు ఊళ్లలోను మెరక మడి ఎవరిదో, పల్లపు మడి ఎవరిదో సభ్యులు తమ తమ గ్రామములను తలచి చూచుకొనవచ్చును.

ఇచ్చటనే చిక్కున్నది. ఆ ఒడిశా గ్రామములలోనే కైల్ ఎమెరిక్ అను ఆర్థికవేత్త మరొక విషయము పరిశీలించెను. కొద్దిమంది రైతులకు కొత్త విత్తనమునిచ్చి, పంట తరువాత వారినుండి ఊరంతకు పాకునని విడిచిపెట్టినచో, అది చుట్టములలోను, స్వకులములోను, దగ్గరి మనుషులలోను మాత్రమే తిరిగినది. అదే విత్తనమును ఇంటింటికి తీసికొనిపోయి అమ్మజూపినపుడు కొన్నవారు ఎన్నియో రెట్లు ఎక్కువ. అనగా కావలెననువారు ఉండిరి. వారివరకు గింజ చేరలేదు. ఇరుగుపొరుగుల సిద్ధాంతము పనిచేయును. కాని పొరుగు అనునది ఎంతవరకో, ఎవరి గుమ్మము వద్ద ఆగునో ఆ సిద్ధాంతము అడుగదు. స్వర్ణ-సబ్1 సంకర విత్తనము వంటిది కాదు; రైతు తన పంటలోని గింజనే మరుసటి ఏడు విత్తుకొనవచ్చును. కావున మొదటి సంచులు ఎవరి ఇంట దిగినవో అనునదే తరువాతి నాలుగైదు ఏండ్లు ఆ ఊరిలో ఎవరికి విత్తనముండునో నిర్ణయించును. సర్పంచికి దగ్గరివాడని, పలుకుబడిగలవాడని ప్రదర్శనకు మెరక మడి రైతునే ఎంచినచో ముంపు వరి గుణము ఎవరికంటను పడదు. మునుగని మడిలో దాని గుణమేమి కనబడును?

మరొక మాట దాచకుండ చెప్పవలెను. ఈ వంగడము నాటిన తరువాత పిలకలు తొడుగు దశలో వచ్చు ఆకస్మిక వరదకు తాళును. వెన్ను వేయునపుడు, పూతలో వచ్చు ముంపునుండి కాపాడదు. నెలలతరబడి నిలుచు నీటికిని పనికిరాదు. మన జిల్లాకు పెనుతుపానులు అక్టోబరులోనే తరచు వచ్చుచున్నవి. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటి, వంశధార పొంగి పొలములు మునిగినపుడు వరి ఏ దశలో నున్నదో రైతులకు గుర్తే. ఆనాటి నష్టమును ఈ విత్తనము ఆపెడిదని చెప్పువాడు రైతును మోసగించినట్లే. ఆగస్టు, సెప్టెంబరు వరదలకు మాత్రమే అది ఆసరా. ఈ హద్దును చెప్పకుండ విత్తనమునిచ్చినచో ఒక్క తుపానుతో విత్తనము మీదను, ఇచ్చినవారి మీదను నమ్మకము పోవును. తరువాత నిజముగా మంచిదేదైన వచ్చినను ఊరు చేయి చాపదు. డ్రమ్ సీడరు మూలనపడిన ఊరిలో మేము విన్న మాటలలో ఇట్టి ధ్వనియే ఉండెను.

గ్రామసభలో అడుగదగినవి

ఇన్ని చదివిన సభ్యుడు ఏ సిద్ధాంతమును పట్టుకొనవలెను? ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు పనికివచ్చునని మా అభిప్రాయము. కొత్త సాధనము ఊరిలోనికి రాలేదన్నపుడు గ్రిలికస్ ప్రశ్న మొదట వేయవలెను: ఈ నేలకు, ఈ నీటికి తగినది అసలు తయారైనదా? శ్రీకాకుళము దాపున రాగోలు వ్యవసాయ పరిశోధనా స్థానమున్నది, ఆర్.జి.ఎల్. 2537 అను శ్రీకాకుళం సన్నాలు అచ్చటిదే. మడి సంగతి వ్రాసి పంపుటకు పంచాయతీకి ఎవరి అనుమతియు అక్కరలేదు. తగినది ఉన్నదని తేలిన పిమ్మట మూడవ తెరగువారి ప్రశ్న: దీనివలన ఎవరి ఖర్చు తగ్గును, ఎవరి కూలి పోవును, చెడినచో బాగుచేయువాడు ఎంతదూరమున నున్నాడు? పొలములపై మందు చల్లుటకు వచ్చుచున్న డ్రోనులను గూర్చి గ్రామసభలో చర్చ జరిగినపుడు బ్యాటరీని, విడిభాగములను, ఇంతవరకు మందు కొట్టి కూలి సంపాదించువానిని గూర్చి కూడ అడుగవలెను. రోజర్స్ చెప్పిన ప్రదర్శన, పొరుగువాని మాట, ఇవి ఆ తరువాత. మనము ఇంతకాలము దీనినే మొదట పెట్టుకొని తక్కిన రెంటిని మరచితిమి.

ఒడిశాలో స్వర్ణ-సబ్1 క్షేత్ర దినోత్సవములు జరిపిన గ్రామములలో ఆ విత్తనము కొన్నవారు జరుపని గ్రామములకంటె సుమారు నూటికి నలుబదివంతులు అధికమని తేలినది. కనుక ప్రదర్శనలను తక్కువ చేయుట మా తలంపు కాదు. ఆ ప్రదర్శన ఎవరి మడిలో జరుగవలెనను తీర్మానము మాత్రము పంచాయతీ చేతిలోనిది. ఊరి పటము ముందు పరచుకొని, గత ఐదేండ్లలో ఏ ఏ మడులు ఎన్నిదినములు మునిగినవో గుర్తుపెట్టి, ఆ మడుల రైతులను, కౌలుదార్లను, ఊడ్పుల స్త్రీలను గ్రామసభకు పిలిచినచో ఆ పని ఒక్క పూటలో ముగియును.

2020లో రైతు భరోసా కేంద్రములుగా ఏర్పడి, పిమ్మట రైతు సేవా కేంద్రములుగా పేరు మారిన కేంద్రముల ద్వారా విత్తనమునకు ముందుగా పేర్లు నమోదు చేయించుకొనవచ్చును. కౌలు రైతు పేరు పత్రములలో లేనందున జాబితానుండి జారిపోవుట తరచు జరుగుచున్నది. ఆ పేర్లను సభ్యులు స్వయముగా వ్రాయించవలెను. మృగశిర కార్తెకు నారుమళ్లు దున్నుట మొదలగును గనుక, పటము చూచు పనియు, పేర్ల పనియు రోహిణి కార్తె దాటకముందే ముగియవలెను.